ఫెరెట్ పిల్లను కొని ఇంటికి తెచ్చుకోవడం ఎలా: ఇంగ్లాండులో ఉన్నవారికి

ఫెరెట్ అంటే చూడటానికి ముంగిసలా ఉండే చిన్న పెంపుడు జంతువు. మా ఇంటికి వచ్చిన మొదటి ఫెరెట్ పిల్ల చెప్పుల పెట్టెలో వచ్చింది. మోటార్‌వే పక్కన కాఫీ దుకాణాలు, పెట్రోలు బంకు ఉండే చోట, కార్ల పార్కింగులో బేరం. అమ్మిన మనిషి నోట్లు లెక్కపెట్టుకుని, "తొమ్మిది వారాలు నిండాయి" అని చెప్పి, పెట్టె నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఇరవై నిమిషాల తర్వాత వెనక సీటులో అట్ట చిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఇంకో ఐదు నిమిషాలకు క్లచ్ మీద ఉన్న నా ఎడమ పాదానికి వెచ్చగా, మెత్తగా ఏదో తగిలింది. బండిని ఎలా పక్కకు తీశానో నాకే తెలియదు. మర్నాడు పశువైద్యురాలు దాని నోరు తెరిచి చూసి, "దీనికి ఆరు వారాలు నిండి ఉంటే గొప్ప" అన్నారు.

ఆ పిల్ల బతికింది. అయితే మొదటి పది రోజులూ మూడు గంటలకోసారి లేచి తినిపించాల్సి వచ్చింది. పెద్దయ్యాక కూడా చేతులు కొరకడం మానలేదు. తల్లి దగ్గరా తోబుట్టువుల దగ్గరా నేర్చుకోవలసిన పాఠం దానికి సగంలోనే ఆగిపోయింది మరి. ఈ మధ్య ఇక్కడి తెలుగు కుటుంబాలలో పిల్లలు ఫెరెట్ కావాలని మారాం చేస్తున్నారని రెండు మూడు చోట్ల విన్నాను. కొనేవారు నాలాగా కొనకూడదని ఇది రాస్తున్నాను.

మొదట వంటింట్లో తేల్చుకోండి

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు దీన్ని చూడగానే "ముంగిసను తెచ్చావేమిటిరా" అంటారు. చూడటానికి అలాగే ఉంటుంది గాని చుట్టరికం దూరం. మాంసాహార జంతువుల వంశవృక్షంలో ముంగిసది పిల్లుల కొమ్మ, ఫెరెట్‌ది కుక్కల కొమ్మ. ముంగిస వన్యప్రాణి, ఇండియాలో దానికి చట్టరక్షణ ఉంది. ఫెరెట్ అలా కాదు, కుందేళ్ళ వేట కోసం ఐరోపాలో వందల ఏళ్ళుగా మనుషులు పెంచుతూ వచ్చిన జంతువు. ఇంగ్లాండులో దాన్ని పెంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అద్దె ఇంట్లో ఉంటే యజమాని అనుమతి మాత్రం కాగితం మీద తీసుకోండి.

అసలు చిక్కు తిండి దగ్గర వస్తుంది. ఫెరెట్ పూర్తి మాంసాహారి. పెరుగన్నం పెట్టి పెంచుదామనే ఆలోచన ఉంటే ఇక్కడే ఆగిపోండి. తిన్నది మూడు నాలుగు గంటల్లో పేగు దాటిపోతుంది కాబట్టి రోజంతా కొంచెం కొంచెంగా మాంసమో, ఫెరెట్ల కోసం తయారుచేసిన గుళికల తిండో తింటూ ఉండాలి. చాలామంది పెంపకందారులు గడ్డకట్టించిన కోడిపిల్లలను కూడా పెడతారు. అవి మీ ఫ్రీజరులో ఇడ్లీ పిండి పక్కన ఉండటం ఇంట్లో అందరికీ సమ్మతమేనా? శాకాహారుల ఇళ్ళలో ఈ మాట ముందే మాట్లాడుకోకపోతే పిల్ల వచ్చిన మూడో రోజున గొడవ మొదలవుతుంది. నేను చూశాను.

రెండోది, ఆడదా మగదా అన్నది. ఇక్కడ ఆడదాన్ని జిల్ అని, మగదాన్ని హాబ్ అని, పిల్లను కిట్ అని అంటారు. జిల్ ఎదకు వచ్చాక జత కట్టకపోతే ఎద దానంతట అది దిగదు. వేసవి అంతా ఈస్ట్రోజెన్ పెరిగిపోయి, ఎముక మజ్జ దెబ్బతిని, రక్తహీనతతో చనిపోవచ్చు. చర్మం కింద పెట్టే హార్మోను మందు (ఇంప్లాంటు), వ్యాసెక్టమీ చేసిన హాబ్‌తో జత కట్టించడం, శస్త్రచికిత్స వంటి మార్గాలు ఉన్నాయి. వీటిలో ఏది నయమో, ఎంతవుతుందో పిల్లను కొనకముందే పశువైద్యుడిని అడగండి. ఫెరెట్లను చూడటం అలవాటు లేని క్లినిక్కులు చాలానే ఉన్నాయి. అలవాటు ఉన్నవారిని వెతకడం కూడా ముందుగా కావలసిన పనే.

ఎనిమిది వారాలు ఎందుకు ఆగాలి

పుట్టినప్పుడు ఫెరెట్ పిల్ల బరువు పది గ్రాములు అటూ ఇటూ. కళ్ళు కనిపించవు, చెవులు వినిపించవు. మూడు వారాలప్పుడు కళ్ళు తెరవకుండానే మెత్తటి మాంసం నాకడం మొదలుపెడుతుంది. అది చూసి "తిండి తింటోంది కదా, పాలు మానేసినట్టే" అనేవారు ఉన్నారు. నమ్మకండి. కళ్ళు తెరుచుకునేసరికే ఐదో వారం కావస్తుంది. పాలు పూర్తిగా మానేది ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య. ఆ చివరి రెండు వారాల్లోనే తోబుట్టువులతో కుస్తీ పడుతూ ఎంత గట్టిగా కొరికితే ఎదుటిది కీచుమంటుందో నేర్చుకుంటుంది.

ఇంగ్లాండులో 2018 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్న జంతు సంక్షేమ లైసెన్సు నిబంధనలు ఈ సంగతిని గుర్తించాయి. పెంపుడు జంతువులను అమ్మే లైసెన్సు ఉన్నవారు పాలు మానని ఏ క్షీరదాన్నీ అమ్మకూడదు. వయసు రాకుండా పాలు మాన్పించినదాన్నీ అమ్మకూడదు. ఇవి కాక కుక్కపిల్లలు, పిల్లులు, ఫెరెట్లు, కుందేళ్ళు ఎనిమిది వారాల లోపువి అయితే అమ్మరాదని పేరుపేరునా రాశారు. స్కాట్లాండు, వేల్సు ప్రాంతాలకు వేరే నిబంధనలు ఉన్నాయి, అక్కడ ఉన్నవారు వాటిని చూసుకోవాలి.

ఈ నిబంధనలో ఒక సందు ఉంది. ఇది కట్టడి చేసేది లైసెన్సుదారును. ఇంట్లో ఒక ఈత పిల్లలు పుడితే, వ్యాపారంగా కాకుండా ఇచ్చేసే మనిషికి లైసెన్సూ లేదు, ఆ షరతూ లేదు. రవాణా నిబంధనల్లోనూ అంతే. తల్లి తోడు లేకుండా ఎనిమిది వారాల లోపు పిల్లలను వ్యాపారపరంగా రవాణా చేయకూడదనే మాట కుక్కలకూ పిల్లులకూ ఉంది, ఫెరెట్ పేరు అక్కడ కనిపించదు. చట్టం రాసినవారు మరిచిపోయారో, ఇంత చిన్న జంతువును ఎవరు పట్టించుకుంటారు అనుకున్నారో గాని, నాలాంటివాళ్ళు చెప్పుల పెట్టెలు అందుకునేది ఆ సందులోనే. అయితే ఎవరు అమ్మినా, ఎవరు తెచ్చుకున్నా 2006 నాటి జంతు సంక్షేమ చట్టం వర్తిస్తుంది. అనవసరంగా బాధ కలిగించడం నేరం. పదహారేళ్ళ లోపువారికి జంతువును అమ్మడమూ నేరమే. కాబట్టి డబ్బు మీ అబ్బాయి దాచుకున్న పాకెట్ మనీ అయినా, కొనేది మాత్రం మీరే.

ఫోనులో అడగవలసినవి

పిల్లలు ఎక్కువగా వేసవిలో, జూన్ నుంచి ఆగస్టు దాకా దొరుకుతాయి. ప్రకటన చూడగానే "ధర ఎంత" అని అడగకండి, "ఏ తేదీన పుట్టాయి" అని అడగండి. నిజంగా పెంచినవారికి తేదీ నోటి చివర ఉంటుంది. "ఎనిమిదో తొమ్మిదో వారాలు" అనేవారికి తెలియకపోయి ఉండాలి, లేదా దాస్తూ ఉండాలి.

తర్వాత లైసెన్సు. దుకాణమైనా, వ్యాపారంగా పెంచి అమ్మేవారైనా స్థానిక కౌన్సిల్ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. దాని ప్రతిని దుకాణంలో అందరికీ కనిపించేలా పెట్టాలి. వెబ్‌సైటు ఉంటే పేరు, లైసెన్సు సంఖ్య అక్కడా ఉండాలి. ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాల రేటింగు కూడా ఉంటుంది. సంఖ్య అడిగి, కౌన్సిల్‌కు ఫోను చేసి సరిచూసుకోండి, పది నిమిషాల పని. ఇంట్లో పుట్టిన పిల్లలను ఇచ్చేవారైతే లైసెన్సు లేకపోవడం తప్పు కాదు. అలాంటప్పుడు మిగతా ప్రశ్నల బరువు పెరుగుతుంది.

తల్లిని చూపిస్తారా? ఏ తిండి పెడుతున్నారు? ఏ పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళారు? ఎక్కడి నుంచి వచ్చింది? ఈ చివరి ప్రశ్న ఆసక్తి కొద్దీ అడిగేది కాదు. జంతువు ఏ దేశం నుంచి వచ్చిందో, తెలిసినంతవరకు వయసు, ఆడదా మగదా, వైద్యం వివరాలు కొనేవారికి చెప్పాలని లైసెన్సుదారుకు నిబంధన ఉంది. సాకడం, తిండి, వసతి గురించి సమాచారం ఇవ్వడమూ వారి బాధ్యతే.

"మీరు అంత దూరం రావడం ఎందుకు, నేను సగం దారిలో కలుస్తాను" అంటే మర్యాదగా వద్దనండి. ఆ మర్యాద వెనక చాలాసార్లు చూపించకూడని షెడ్డు ఉంటుంది. "కొరియరులో పంపిస్తాను" అన్నా అంతే. వ్యాపారంగా 65 కిలోమీటర్లు దాటి జంతువులను రవాణా చేసేవారికి ప్రభుత్వ అనుమతిపత్రం కావాలి. అది ఉన్నవారు చూపించడానికి మొహమాటపడరు.

అక్కడికి వెళ్ళాక

మీకు జలుబో ఫ్లూనో ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. ఇది నా చాదస్తం కాదు. మనుషుల ఇన్‌ఫ్లుయెంజా ఫెరెట్లకు ఇట్టే అంటుకుంటుంది. 1933లో లండనులోని మిల్ హిల్ పరిశోధనశాలలో మనిషి ఫ్లూ వైరస్‌ను వేరుచేయగలిగింది ఫెరెట్ల సాయంతోనే. మూడేళ్ళ తర్వాత అదే చోట, జబ్బు పడిన ఒక ఫెరెట్ తుమ్మితే పరిశోధకుడికి ఫ్లూ వచ్చింది. అంటే రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి.

పిల్లలు నిద్రలో ఉంటే లేపమనండి. ఫెరెట్లు మొద్దునిద్ర పోతాయి, లేచాక ఒక నిమిషం వణుకుతాయి, కంగారు పడకండి. ఆ తర్వాత గెంతులు మొదలుకావాలి. కళ్ళు, ముక్కు తేమగా ఉండవచ్చు గాని కారకూడదు. తోక కింద శుభ్రంగా ఉండాలి. చెవుల్లో నల్లటి గుగ్గిలంలాంటి మట్టి ఉంటే పురుగులు ఉన్నట్టు. అది మందుతో పోయేదే గాని, పెంచేవారి శ్రద్ధ ఎంతో చెబుతుంది.

ఇక వయసు. మెడ వెనక వదులు చర్మాన్ని నాలుగు వేళ్ళతో పట్టుకుని, రెండో చేతిని పిరుదుల కింద ఆనించి పైకి ఎత్తమనండి. తల్లి నోట కరుచుకున్నట్టు అనిపించి ఒళ్ళంతా వదిలేస్తుంది. కొద్ది క్షణాల్లో పెద్దగా ఆవులిస్తుంది. అదే మీకు అవకాశం. పై దవడలో కోరలు చూడండి. సూదిమొనల్లా సన్నగా ఉన్నవి పాల కోరలు. సుమారు ఏడో వారంలో వాటి పక్కనుంచే గట్టి కోరలు మొలుస్తాయి. ఎనిమిది వారాల పిల్లలో సన్నదీ లావుదీ జంటగా కనిపించవచ్చు, లేదా సన్నది ఊడిపోయి కొత్తది ఒక్కటే ఉండవచ్చు. సన్నవి మాత్రమే కనిపిస్తే, అమ్మే మనిషి ఎన్ని వారాలు చెప్పినా ఆ పిల్లను ఆ రోజు తీసుకోకండి. బయానా ఇచ్చి రెండు వారాలు ఆగి రండి. మీ ఇంట్లో పిల్లలు ఏడుస్తారు. ఏడవనివ్వండి.

వీలుంటే రెండు పిల్లలను తీసుకోండి. ఒంటరి ఫెరెట్ ఆటకు మీ చీలమండలే గతి.

పెట్టె, కారు

అమ్మేవారు పెట్టె ఇస్తారని ఖాళీ చేతులతో వెళ్ళకండి. ప్రయాణ సమయానికీ జంతువుకూ తగిన పెట్టెలోనే అప్పగించాలని లైసెన్సుదారుకు నిబంధన ఉన్నా, మీ పెట్టె మీ దగ్గర ఉండటం మంచిది. పిల్లుల కోసం అమ్మే గట్టి ప్లాస్టిక్ పెట్టె, ఇనుప ఊచల తలుపుతో ఉన్నది సరిపోతుంది. ఊచల మధ్య సందు కొలవండి. తల పట్టే సందులోంచి ఫెరెట్ ఒళ్ళంతా జారిపోతుంది. మీ బొటనవేలు సులువుగా దూరితే ఆ తలుపు పనికిరాదు, సన్నటి వల కట్టండి. అట్ట పెట్టె సంగతి నన్ను అడగండి.

లోపల పాత ఫ్లీసు గుడ్డ వేయండి. తువ్వాలు వద్దు, దాని నూలు ఉచ్చుల్లో గోళ్ళు చిక్కుకుంటాయి. తల్లి పడుకున్న గుడ్డముక్క ఒకటి అడిగి తీసుకుని ఒక మూలన పెట్టండి. మా రెండో పిల్ల దారి పొడవునా ఆ ముక్కలోనే ముక్కు దూర్చి పడుకుంది. ఊయలలు, గంటలు, బొమ్మలు ఇంటికి చేరాక చూసుకోవచ్చు.

బండిలో జంతువును కదలకుండా కట్టడి చేయాలని ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకమైన హైవే కోడ్‌లో 57వ నిబంధన చెబుతుంది. పెట్టెను ముందు సీటు వెనక నేల మీద గట్టిగా ఇరికించండి, లేదా సీటు బెల్టుతో బిగించండి. పైన పలుచటి దుప్పటి సగం కప్పితే చీకటిగా ఉండి నిద్రపోతుంది. మొత్తం కప్పితే గాలి ఆడదు. "ఒక్కసారి ఒళ్ళో పెట్టుకుంటాను నాన్నా" అనే అభ్యర్థన ఇంటికి చేరేదాకా తిరస్కరించండి.

అన్నిటికన్నా భయపడవలసింది వేడికి. ఫెరెట్‌కు చెమట పట్టి చల్లబడే ఏర్పాటు లేదు. 27 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది, 32 దాటితే ప్రాణం మీదికి రావచ్చు. రాజమండ్రిలోనో ఖమ్మంలోనో పెరిగిన మనకు 27 అంటే చలికాలం మధ్యాహ్నం. అందుకే ఇక్కడి ఎండను తక్కువ అంచనా వేస్తాం. బయట 22 ఉన్నా అద్దాలు మూసి ఆపిన కారు లోపల త్వరలోనే పొయ్యి అవుతుంది. పొద్దున్నే బయలుదేరండి. టీ తాగడానికి ఆగితే ఒకరు బండిలోనే ఉండాలి. నోరు తెరిచి రొప్పుతున్నా, పడుకుని లేవకపోయినా నీడకు తీసుకెళ్ళి, పాదాలను, పొట్టను మామూలు నీళ్ళతో తడుపుతూ దగ్గరలోని పశువైద్యశాలకు ఫోను చేయండి. మంచునీళ్ళు పోయకండి.

రెండు మూడు గంటలకోసారి ఆగి, తలుపులన్నీ మూసి, చిన్న గిన్నెలో నీళ్ళు, అలవాటైన తిండి కొంచెం పెట్టండి. చిన్నపిల్ల ఎక్కువసేపు తినకపోతే నీరసపడుతుంది. వెనక కాళ్ళు ఈడుస్తూ, చొంగ కారుస్తూ, మత్తుగా ఉంటే రక్తంలో చక్కెర పడిపోయిందేమోనని అనుమానించాలి. చిగుళ్ళకు చిటికెడు తేనె రాసి, వెంటనే వైద్యం చేయించండి.

కారు లేకపోతే రైలులో తెచ్చుకోవచ్చు. బ్రిటన్ రైళ్ళలో ఒక ప్రయాణికుడు రెండు చిన్న జంతువులను టిక్కెట్టు లేకుండా తీసుకెళ్ళవచ్చు. అవి తప్పించుకోలేని మూసిన పెట్టెలో ఉండాలి, పెట్టె సీటు మీద ఉండకూడదు. వాసన గురించి పక్కవారు ముక్కు చిట్లించవచ్చు. దానికి క్షమించమని నవ్వడం తప్ప మందు లేదు.

మొదటి వారం

అమ్మినవారు పెట్టిన తిండినే పెట్టండి. ఫెరెట్లు మొదటి కొన్ని నెలల్లో వాసన చూసి అలవాటుపడిన వాటినే తిండిగా గుర్తిస్తాయి. కొత్తది ఒక్కసారిగా మారిస్తే గిన్నె పక్కనే ఆకలితో కూర్చుంటాయి. అందుకే బయలుదేరేటప్పుడు ఒక వారానికి సరిపడా తిండి అడిగి కొనుక్కోండి. మొదటి రెండు రోజుల్లోనే వైద్యుడికి చూపించండి. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వస్తే ఫెరెట్ బతకడం దాదాపు అసాధ్యం కాబట్టి టీకా గురించి అప్పుడే మాట్లాడండి. మైక్రోచిప్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, అయినా వేయించండి. తలుపు కింద సందులోంచి పొరుగింటికి వెళ్ళిన ఫెరెట్‌ను మీదేనని నిరూపించడం అనుకున్నంత సులువు కాదు.

సరిహద్దు దాటాలంటే

ఐరోపా ప్రయాణాల్లో కుక్క, పిల్లి, ఫెరెట్ మూడింటికీ ఒకే రకం పద్ధతి. మొదట మైక్రోచిప్, పన్నెండు వారాలు నిండాక రేబిస్ టీకా, ఆ తర్వాత 21 రోజుల నిరీక్షణ. అంటే పదిహేను వారాల లోపు పిల్లకు దారి లేదు. బ్రిటన్ నుంచి వెళ్ళేవారికి ప్రతి ప్రయాణానికీ కొత్తగా ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, దాన్ని బయలుదేరే ముందు పది రోజుల లోపల తీసుకోవాలి. ఈ లెక్క మీకు ఇంకో విధంగా పనికొస్తుంది. "నిన్ననే విదేశం నుంచి తెప్పించాను, తొమ్మిది వారాల పిల్ల" అని ఎవరైనా గొప్పగా చెబితే, అది దొంగదారిన వచ్చినట్టే.

ఇండియాకు తిరిగి వెళ్ళిపోయే ఆలోచన ఉన్నవారు కొనకండి. సామానుతో పాటు పెంపుడు జంతువును తీసుకెళ్ళే దారి అక్కడ కుక్కలు, పిల్లుల కోసం వేసినది. అమెరికాకు ఉద్యోగం మారే అవకాశం ఉన్నా చూసుకోండి. కాలిఫోర్నియాలో, హవాయిలో, న్యూయార్కు నగరంలో ఫెరెట్‌ను పెంచుకోవడం నిషేధం.

మీరే అమ్మవలసి వస్తే

జిల్ చూలు ఆరు వారాలు. ఒక ఈతలో ఎనిమిది పిల్లల దాకా మామూలే. ఎనిమిదింటినీ మీరు ఉంచుకోలేరు. ఏటా ఈనించి లాభానికి అమ్మే ఉద్దేశం ఉంటే ముందు కౌన్సిల్‌లో లైసెన్సు తీసుకోండి. ఒక్కసారి పుట్టినవాటిని ఇచ్చేయడమే అయితే, మీ పరిస్థితి వ్యాపారం కిందికి వస్తుందో రాదో వారినే అడిగి తెలుసుకోండి. చట్టం మిమ్మల్ని కట్టినా కట్టకపోయినా ఎనిమిది వారాలు ఉంచండి. ఆఖరి రెండు వారాలు ఎనిమిది పిల్లలు తినే మాంసం, పోసే ఉచ్చ భరించడం కష్టమే. తొందరపడి ఇచ్చేసేవాళ్ళు తొందరపడేది అందుకే.

ప్రతి పిల్లకూ ఒక కాగితం రాయండి. పుట్టిన తేదీ, ఆడదో మగదో, వేయించిన టీకాలు, పురుగుల మందు ఇచ్చిన తేదీ, తింటున్న తిండి, మీ పశువైద్యుడి ఫోను నంబరు అందులో ఉండాలి. జబ్బుగా ఉన్నదాన్ని, వేరుచేసి బాగయ్యేదాకా, ఎవరు ఎంత ఇస్తానన్నా పంపకండి. కొనడానికి వచ్చింది పదిహేనేళ్ళ కుర్రాడైతే పెద్దవాళ్ళను తీసుకురమ్మనండి. పెట్టె తేకుండా వచ్చినవారిని వెనక్కి పంపడానికి మొహమాటంగా ఉంటే, ఒక పాత పెట్టెను అరువిచ్చేందుకు ఇంట్లో ఉంచుకోండి. మా దగ్గర రెండు ఉన్నాయి. ఒకటి ఇప్పటికీ తిరిగి రాలేదు.

అప్పగించిన మర్నాడు సాయంత్రం ఫోను చేయండి. ఎలా ఉంది అని అడిగితే "బాగుంది" అనే జవాబు వస్తుంది. ఎన్నిసార్లు తిన్నది, విరేచనం ఏ రంగులో ఉంది, రాత్రి ఎక్కడ పడుకుంది అని అడగండి.